విన్సన్ మాసిఫ్: కొండ కన్నా విమానమే పెద్ద అడ్డంకి

మీ ప్రశ్న ఇది: లద్దాఖ్‌లో 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా దాకా మనవాళ్లు బైకుల మీద వెళ్లొస్తున్నారు. అంటార్కిటికాలో అన్నిటికన్నా ఎత్తయిన విన్సన్ 4,892 మీటర్లే. మరి దానికి 40 వేల డాలర్ల పైన ఎందుకు అవుతుంది, 1966 దాకా ఎవరూ ఎందుకు ఎక్కలేదు, దారిలో అసలు దెబ్బతినేది ఎక్కడ?

మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు విమానం. మూడోదానికి చలి. కొండగా చూస్తే విన్సన్ మామూలు దారి కష్టమైనదేమీ కాదు. హిమాలయాల్లో ఆరు వేల మీటర్ల శిఖరాలు రెండు మూడు పద్ధతిగా ఎక్కినవాళ్లకు అందులో కొత్త విద్య ఏమీ ఉండదు. కానీ అక్కడ చిన్న పొరపాటుకు కూడా వేలో, ముక్కో మూల్యంగా పోతుంది. పైగా దించుకుపోవడానికి హెలికాప్టర్ రాదు.

ముందు అదెక్కడుందో చూడండి. పశ్చిమ అంటార్కిటికాలో ఎల్స్‌వర్త్ పర్వతాలు, వాటిలో సెంటినెల్ శ్రేణి, ఆ శ్రేణిలో సుమారు 21 కిలోమీటర్ల పొడవు, 13 కిలోమీటర్ల వెడల్పున్న కొండల ముద్ద విన్సన్ మాసిఫ్. దాని మీద చాలా శిఖరాలున్నాయి, అన్నిటికన్నా ఎత్తయినది మౌంట్ విన్సన్. మాసిఫ్‌నూ శిఖరాన్నీ వేర్వేరు పేర్లుగా అమెరికా అధికారికంగా విడదీసింది 2006లోనే, అందుకే పాత వ్యాసాల్లో రెండూ కలగాపులగంగా కనిపిస్తాయి. దక్షిణ ధ్రువం అక్కడికి 1,200 కిలోమీటర్ల పైచిలుకు. ఓడ దిగి నడిచి చేరే చోటు కాదు. దక్షిణ ధ్రువం చేరడానికి పోటీపడ్డ స్కాట్, అముండ్సెన్ కాలంలో ఈ శ్రేణి ఉందనే ఎవరికీ తెలియదు.

తెలిసింది గాల్లోంచే. 1935 నవంబరు 23న లింకన్ ఎల్స్‌వర్త్, పైలట్ హెర్బర్ట్ హాలిక్-కెన్యన్ ఖండాన్ని అడ్డంగా దాటే ప్రయాణంలో ఈ కొండలను చూశారు. మంచు మైదానానికి కాపలా కాస్తున్నట్టు విడిగా నిలబడి ఉన్నాయని సెంటినెల్ అన్న పేరు పెట్టారు. విన్సన్ లెక్కలోకి వచ్చింది మాత్రం 1957-58 వేసవిలో, అమెరికా నౌకాదళ విమానాలు అటు తిరిగినప్పుడు. అదే వేసవిలో అమెరికా పరిశోధన కేంద్రం బర్డ్ స్టేషన్ నుంచి చార్లెస్ బెంట్లీ నాయకత్వంలో ఒక శాస్త్రవేత్తల బృందం మంచు మీద ట్రాక్టర్లతో ఈ శ్రేణి దగ్గరకు వచ్చింది. ఆ బృందంలో బిల్ లాంగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఉన్నాడు. ఈ పేరు గుర్తుంచుకోండి. కొండకు పేరిచ్చిన కార్ల్ విన్సన్ పర్వతారోహకుడు కాదు, జార్జియా నుంచి అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన సభ్యుడు. అంటార్కిటికా అన్వేషణకు డబ్బు వచ్చేలా చూసిన మనిషి.

ఎత్తు కూడా అప్పుడు తప్పుగానే వచ్చింది: 5,140 మీటర్లు. పాత పుస్తకాల్లో ఇప్పటికీ ఈ అంకె కనిపిస్తుంది. 1979-80 సర్వేలో 4,897 అని తేలింది. 2004లో శిఖరం మీద జీపీఎస్ పెట్టి కొలిస్తే 4,892. ఇప్పుడు వాడాల్సింది ఇదే.

ఇక 1966. అప్పటికి ఖండాలన్నిటి ఎత్తయిన శిఖరాలూ అయిపోయి ఇదొక్కటే మిగిలింది. ఎక్కాలన్న కోరిక చాలామందికి ఉంది, తీసుకెళ్లే విమానం మాత్రం అమెరికా నౌకాదళం దగ్గరే ఉంది. ఆ ప్రభుత్వం సైన్సుకు తప్ప సరదాకు విమానం ఇవ్వనని ఏళ్ల తరబడి అంటూ వచ్చింది. ఈలోగా వుడ్రో విల్సన్ సేయర్ అనే అమెరికన్ ప్రైవేటు విమానంలో వెళ్లి ఎక్కేస్తానని బయల్దేరాడు. 1962లో అనుమతి లేకుండా టిబెట్ వైపునుంచి ఎవరెస్టు ఎక్కబోయిన మనిషి ఆయన. ఆ ప్రయత్నం విమానం దగ్గరే చెడి, అంటార్కిటికా దాకా రానేలేదు. ఎటూ ఎవరో ఒకరు వెళ్తారని తెలిశాక అమెరికన్ ఆల్పైన్ క్లబ్ బృందానికి నౌకాదళం సాయం దొరికింది.

నికొలస్ క్లించ్ నాయకుడు, మొత్తం పదిమంది. 1958లో గాషర్‌బ్రమ్-1ను మొదటిసారి ఎక్కిన బృందానికీ ఈయనే నాయకుడు. స్కీలు బిగించిన హెర్క్యులస్ విమానం వాళ్లను డిసెంబరులో శ్రేణి పడమటి వైపు హిమానీనదం మీద దించింది. 1966 డిసెంబరు 18న బారీ కార్బెట్, జాన్ ఎవాన్స్, బిల్ లాంగ్, పీట్ షోనింగ్ శిఖరం చేరారు. ఆ తర్వాత మిగతా ఆరుగురూ ఎక్కారు. ఇందాకటి ట్రాక్టర్ల బృందంలోని బిల్ లాంగే ఈ లాంగ్. షోనింగ్ అంటే 1953లో కె2 మీద జారిపడిన సహచరులను ఒక్క మంచు గొడ్డలి ఆధారంతో తాడు మీద ఆపిన మనిషి.

పదిమందీ ఎక్కేశారంటే ఆ కొండ ఎంత కష్టమో మీరే ఊహించుకోవచ్చు. వాళ్ల అసలు పనితనం చూడాలంటే మౌంట్ టైరీ చూడాలి. విన్సన్ కన్నా 40 మీటర్లే తక్కువ, 4,852. ఎవాన్స్, కార్బెట్ పక్కనున్న గార్డ్‌నర్ మీదుగా సన్నటి శిఖరవెన్ను పట్టుకుని 1967 జనవరి 6న దాని పైకి చేరారు. రెండోసారి ఎక్కడానికి 1989 దాకా పట్టింది. మగ్స్ స్టంప్ ఒంటరిగా, పడమటి గోడ మీదుగా ఎక్కాడు. విన్సన్ మీదికి ఇప్పుడు ఒక్క వేసవిలోనే గుంపులు గుంపులుగా వెళ్తుంటే టైరీ ఎక్కినవాళ్లు ఇప్పటికీ చాలా కొద్దిమంది. ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాల జాబితాలో విన్సన్ ఉంది, టైరీ లేదు. కష్టం సంగతి పక్కన పెడితే, పెద్ద తేడా అదే. క్లించ్ బృందం ఆ వేసవిలో షిన్, ఆస్టెన్సో, లాంగ్ గేబుల్స్‌తో కలిపి మొత్తం ఆరు శిఖరాలు ఎక్కింది. మాసిఫ్ మీద క్లించ్ పీక్, కార్బెట్ పీక్, షోనింగ్ పీక్ అని మీరు మ్యాపులో చూసేవి వాళ్ల పేర్లే.

తర్వాత పదమూడేళ్లు ఎవరూ లేరు. విమానం లేదు, అంతే. 1979 డిసెంబరు 22న జర్మన్లు వెర్నర్ బుగ్గిష్, పీటర్ వాన్ గిజికీ, సోవియట్ శాస్త్రవేత్త సామ్సొనోవ్ ఎక్కారు. వాళ్లు కూడా సైన్సు పని మీద అక్కడికి వచ్చినవాళ్లే. వాళ్లు పైన ఒక స్కీ కర్రకు ఎర్ర జెండా కట్టి పాతి వచ్చారు. దాన్ని గురి చూసి సర్వేయర్లు కొలతలు తీశారు. 4,897 అన్న అంకె అలా వచ్చిందే.

మామూలు మనుషులకు తలుపు తెరిచింది డబ్బున్న ఇద్దరు వ్యాపారులు, డిక్ బాస్, ఫ్రాంక్ వెల్స్. ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కాలన్నది వాళ్ల పంతం. 1983లో మూడింజన్లు పెట్టి మార్చిన ఒక డీసీ-3 విమానాన్ని అద్దెకు తీసుకుని, జైల్స్ కెర్షా అనే బ్రిటిష్ పైలట్‌ను కుదుర్చుకుని వెళ్లారు. కెర్షా అక్కడి మంచు మీద ఎన్నో ఏళ్లు విమానం నడిపినవాడు. ఆ బృందంలోని క్రిస్ బోనింగ్టన్ ముందు ఒంటరిగా పైకి చేరాడు, వారం తర్వాత నవంబరు 30న బాస్, వెల్స్ ఎక్కారు. 1985లో కెర్షా, కెనడా పర్వతారోహకుడు ప్యాట్ మారో, మార్టిన్ విలియమ్స్ కలిసి అడ్వెంచర్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పెట్టారు. విన్సన్‌కు టికెట్టు అమ్మడం అప్పుడు మొదలైంది.

అయినా స్కీ విమానాలు చిన్నవి, మోసేది తక్కువ, ఇంధనం ఎక్కువ తాగుతాయి. చక్రాల మీద దిగే పెద్ద విమానం కావాలి. దానికి గట్టి నేల కావాలి. ఇక్కడే నీలి మంచు పనికొచ్చింది. కొన్ని కొండల పక్కన పీఠభూమి మీంచి దిగే గాలి, పడ్డ మంచును పడ్డట్టే ఊడ్చేస్తుంది, అడుగున ఉన్న పాత గట్టి మంచు బయటపడి నీలంగా మెరుస్తుంది. హిమానీనదాల శాస్త్రవేత్త చార్లెస్ స్విథిన్‌బ్యాంక్ ఇలాంటి చోట్లు వెతికారు. 1987లో పేట్రియట్ హిల్స్ దగ్గర చక్రాల విమానం దిగింది. చిక్కేమిటంటే రన్‌వేను తయారు చేసే గాలే విమానాన్ని దిగనివ్వదు. పేట్రియట్ హిల్స్‌లో పక్కగాలి వల్ల రోజుల తరబడి ఆగిపోవడం మామూలైంది. 2010లో మకాం యూనియన్ గ్లేసియర్‌కు మార్చారు. అక్కడ ఆ గాలి గొడవ తక్కువ. చాలా ఏళ్లు ఇల్యుషిన్-76 తిరిగింది, ఈమధ్య బోయింగ్ 757 వస్తోంది. నున్నటి మంచు మీద బ్రేకు నమ్మడానికి లేదు కాబట్టి ఇంజన్లను వెనక్కి తోయించి వేగం తగ్గిస్తారు, అందుకే రన్‌వే పొడుగ్గా ఉండాలి.

ఖర్చెందుకో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. చిలీలోని పుంతా అరేనాస్ నుంచి యూనియన్ గ్లేసియర్‌కు 3,000 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు. అక్కడి నుంచి విన్సన్ బేస్ క్యాంపుకు చిన్న స్కీ విమానంలో మరో ముప్పావు గంట. ఆ చిన్న విమానం తాగే ఇంధనం కూడా పెద్ద విమానంలోనే రావాలి. తిండి, గుడారాలు, డాక్టరు, చివరికి మనుషుల మలం, అన్నీ విమానంలోనే రానూపోనూ. మీరు కట్టే డబ్బులో ఎక్కువ భాగం గైడుకు కాదు, ఆ ఇంధనానికి.

మన వాళ్ల సంగతి కూడా చెప్పాలి. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం నుంచి వచ్చిన మల్లి మస్తాన్ బాబు 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు పూర్తి చేశాడు. అందులో మొదటిది విన్సనే, 2006 జనవరి 19న. దాన్ని ముందు పెట్టడంలో లెక్క ఉంది. అంటార్కిటికా కాలం నవంబరు చివర్నుంచి జనవరి దాకానే, ఎవరెస్టు మేలో, ఉత్తర అమెరికాలోని డెనాలి మే నుంచి జులై దాకా. విన్సన్‌ను జనవరిలో పట్టకపోతే మళ్లీ ఏడాది చివరిదాకా ఆగాలి. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2019 డిసెంబరులో ఎక్కింది.

ఇక దారి. ఎత్తులన్నీ సుమారు అంకెలు, గుడారాలు వేసే చోటును బట్టి ఏటా కాస్త మారతాయి.

బేస్ క్యాంపు బ్రాన్స్‌కూంబ్ గ్లేసియర్ మీద, 2,140 మీటర్లు. విమానం నేరుగా అక్కడే దిగుతుంది. అక్కణ్ణుంచి లో క్యాంపు 9 కిలోమీటర్లు, 2,750 మీటర్లు, నాలుగు నుంచి ఆరు గంటలు. ఏటవాలు తక్కువ, మంచులో లోతైన పగుళ్లు ఉంటాయి కాబట్టి తాడు కట్టుకునే నడవాలి. సామాను సగం వీపు మీద, సగం స్లెడ్ మీద. స్లెడ్ ముందు భాగం మీ బ్యాగుకో నడుముకు కట్టుకునే హార్నెస్‌కో కడతారు. వెనక భాగాన్ని ప్రూసిక్ ముడితో (బరువు పడితే తాడు మీద బిగుసుకునే ముడి) మీ వెనక వచ్చే తాడుకు తగిలించడం మరిచిపోవద్దు. మీరు పగులులో పడితే స్లెడ్ మీ మీద పడకుండా ఆపేది ఆ చిన్న ముడే. దిగేటప్పుడు స్లెడ్ కాళ్లకు తగులుతుంటే దాని కింద అడ్డంగా ముడులు వేసిన తాడు చుట్టండి, బ్రేకులా పట్టుకుంటుంది.

లో క్యాంపులో తెలుసుకోవాల్సింది ఎండ సమయం. సూర్యుడు 24 గంటలూ పైనే ఉంటాడు కానీ కొండ చాటుకు వెళ్తాడు, తెల్లవారుజాము నుంచి పొద్దెక్కేదాకా క్యాంపు నీడలో ఉంటుంది. నీడకూ ఎండకూ గుడారం లోపల తేడా చాలా ఎక్కువ. హిమాలయాల అలవాటు కొద్దీ రాత్రి రెండింటికి లేచి బయల్దేరడం ఇక్కడ తెలివితక్కువ పని. ఎండ గుడారం మీదికి వచ్చాకే స్టవ్ వెలిగిస్తారు, సాయంత్రం ఆలస్యంగా చేరినా వెలుతురుకు లోటుండదు.

అక్కణ్ణుంచి హై క్యాంపు, 3,780 మీటర్లు. పాత దారి విన్సన్, షిన్ శిఖరాల మధ్య మంచు జలపాతం గుండా పోయేది, పైన వేలాడే మంచు గడ్డలు, కింద పగుళ్లు. ఇప్పుడు పక్కనున్న వాలు మీదుగా సుమారు 1,200 మీటర్ల పొడవున తాడు బిగించి ఉంచుతారు. వాలు 35 నుంచి 45 డిగ్రీలు. మామూలుగా ఒక రోజు తిండి, ఇంధనం పైకి మోసి పాతిపెట్టి కిందకు వచ్చి పడుకుంటారు, తర్వాత మిగతా సామానుతో ఎక్కుతారు. ఎత్తుకు అలవాటుపడటం, బరువు సగమవడం రెండూ జరుగుతాయి. ధ్రువాల దగ్గర వాతావరణ పొర పలచన కాబట్టి గాలి పీడనం తక్కువ. అంకె చెప్పేదానికన్నా కొన్ని వందల మీటర్లు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు శరీరానికి తెలుస్తుంది. తలనొప్పిని చిన్నచూపు చూడొద్దు.

వేళ్లు పోగొట్టుకునే ప్రమాదం ఈ తాడు దగ్గర ఎక్కువ. ప్రతి యాంకర్ (తాడును కొండకు బిగించిన చోటు) దగ్గరా ఒకటే వరస: ముందు సేఫ్టీ కారాబైనర్ (తాడుకు తగిలించే లోహపు కొక్కెం) తీసి యాంకర్‌కు పైనున్న తాడుకు తగిలించాలి, అది పడిందని చూసుకున్నాకే జుమార్ (తాడు మీద పైకి మాత్రమే జారే పట్టు) విప్పి పైకి మార్చాలి. రెండూ ఒకేసారి విప్పితే మీరు కొండకు దేనితోనూ కట్టి లేనట్టే. ఈ పనంతా మందపాటి మిటెన్లతోనే (నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే చేతి తొడుగులు) జరగాలి. చాలామంది జుమార్ గొళ్లెం అందడం లేదని మిటెన్ తీసి, పలచటి లోపలి గ్లౌజుతో లోహాన్ని పట్టుకుంటారు. ఒక యాంకర్ దగ్గర అరనిమిషం అనుకున్నా, దారి పొడవునా ఉన్న యాంకర్లన్నీ కలిస్తే పెద్ద లెక్కే, పైగా చల్లబడ్డ వేలు మళ్లీ తొందరగా వేడెక్కదు. పెద్ద గేటున్న కారాబైనర్లు కొనండి. జుమార్ గొళ్లేనికి చిన్న తాడు ఉచ్చు కట్టుకోండి. ఇంట్లోనే మెట్ల రెయిలింగ్‌కు తాడు కట్టి, మిటెన్లు వేసుకుని, కళ్లు మూసుకుని చేయగలిగేదాకా అభ్యాసం చేయండి. మిటెన్లకు మణికట్టు దారం లేకపోతే తీసిన క్షణంలో గాలికి పోతాయి. పోయిన మిటెన్ అంటే ఆ రోజుతో మీ ఎక్కడం అయిపోయినట్టే.

శిఖరం రోజు హై క్యాంపు నుంచి 1,100 మీటర్ల ఎత్తు, రానూపోనూ సుమారు 14 కిలోమీటర్లు, 9 నుంచి 12 గంటలు. చాలా భాగం పొడవైన, విసుగు పుట్టించే మంచు లోయ. చివర్లో ఒక నిటారు వాలు, తర్వాత రాళ్లూ మంచూ కలిసిన సన్నటి వెన్ను. ఆ వెన్ను మీదే గాలి పూర్తిగా తగులుతుంది. మైనస్ 30 డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి ఉంటే చర్మానికి మైనస్ 46లా తగులుతుంది, కప్పుకోని బుగ్గ పది నిమిషాల లోపే గడ్డకడుతుంది. శిఖరం మీద మబ్బు టోపీలా కనిపిస్తే ఆ రోజు గుడారంలోనే ఉండటం మేలు. వెలుతురు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి తొందరపడాల్సిన పని లేదు.

గాగుల్స్ గురించి విడిగా చెప్పాలి. ముఖానికి కట్టుకున్న గుడ్డలోంచి ఊపిరి పైకి పోయి అద్దానికి తగిలి మంచవుతుంది. మసకబారిందని గాగుల్స్ నుదుటి మీదికి ఎత్తితే నుదుటి చెమట కూడా చేరి ఇంకా గడ్డకడుతుంది, ఇక ఆ రోజుకు అవి పనికిరావు. కళ్లకు ఏ అడ్డూ లేకుండా నడిస్తే మంచు అంధత్వం, కంటి ఉపరితలం గడ్డకట్టడం. ముక్కు దగ్గర ఊపిరి ముందుకు పోయేలా కత్తిరించిన మాస్కు, ముక్కు మీదికి గాగుల్స్‌కే కుట్టిన గుడ్డ, లోపలి జేబులో రెండో గాగుల్స్ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, చెమట పట్టేంత వేగంగా నడవకపోవడం. చెమట పట్టిన బట్ట ఆగిన రెండు నిమిషాల్లో చల్లబడుతుంది.

బూట్లు ఎనిమిది వేల మీటర్ల శిఖరాలకు వాడేవే కావాలి, లోపలికి మంచు పోకుండా పిక్క దాకా కప్పే గెయిటర్ కలిసి ఉన్నవి. ఒక సైజు పెద్దవి తీసుకోండి. రెండు జతల సాక్సు కుక్కితే రక్తం ఆడక, వేళ్లు పలచటి సాక్సు కన్నా ముందే చల్లబడతాయి. స్లీపింగ్ బ్యాగు మైనస్ 40ది. గ్యాస్ డబ్బాల స్టవ్ వద్దు, బ్యూటేన్ సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. వైట్ గ్యాస్ అనే ద్రవ ఇంధనంతో వెలిగే స్టవ్, అదనపు పంపు, అదనపు రబ్బరు వాషర్లు తీసుకెళ్లండి, చలికి గట్టిపడి కారేవి అవే. మైనస్ 30లో ఉన్న ఆ ద్రవం చేతి మీద ఒలికితే అక్కడికక్కడే చర్మం గడ్డకడుతుంది, ఇంధనం పోసేటప్పుడు గ్లౌజు తీయకూడదు. మూసిన గుడారంలో స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం, గాలి ఆడేలా చూసుకోవాలి. మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు మంచు కరిగించే చేయాలి. గొట్టంతో తాగే సంచి మొదటి గంటలోనే మూసుకుపోతుంది. వెడల్పు మూతి సీసా తెచ్చుకుని తలకిందులుగా పెట్టండి, మంచు పైభాగంలో కడుతుంది కాబట్టి మూత తెరుచుకుంటుంది. సన్‌స్క్రీన్, బ్యాటరీలు, లోపలి బూట్లు రాత్రికి స్లీపింగ్ బ్యాగులో మీతోనే పడుకోవాలి.

మూత్రానికి గుర్తు పెట్టిన గుంటలు ఉంటాయి, మలం సంచుల్లో కట్టి బేస్ క్యాంపు దాకా మీరే మోసుకురావాలి. ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు, అది అక్కడి అనుమతి షరతు.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవాళ్లకు నా సలహా: భువనగిరి గుట్ట మీద రాతి ఎక్కుడు నేర్చుకోవడం మంచిదే, కానీ విన్సన్‌కు పనికొచ్చేది చలి అలవాటు. పర్వతారోహణ నేర్పే సంస్థలైన ఉత్తరకాశీ నిమ్‌లోనో డార్జిలింగ్ హెచ్‌ఎంఐలోనో బేసిక్, అడ్వాన్స్ కోర్సులు, తర్వాత ఒక ఆరు వేల మీటర్ల శిఖరం, ఆపైన లద్దాఖ్‌లో జనవరిలో గుడారంలో వారం. మైనస్ 25లో స్టవ్ వెలిగించి, బూట్లు తొడుక్కుని, గంటలో బయల్దేరగలరా అన్నది అక్కడే తేలిపోతుంది. స్లెడ్ కోసం నడుముకు తాడు కట్టి పాత కారు టైరు ఈడ్చండి, వారానికి మూడుసార్లు, గంటన్నర తక్కువ కాకుండా. జిమ్‌లో ట్రెడ్‌మిల్ దానికి సాటి రాదు, పిక్కలకు, నడుముకు పడే బరువే వేరు.

ఇక టికెట్లు. వాతావరణం బాగుంటే కొండ మీద పని పది రోజుల్లోపు అయిపోతుంది, కానీ వెళ్లేటప్పుడు పుంతా అరేనాస్‌లోనో, తిరిగి వచ్చేటప్పుడు యూనియన్ గ్లేసియర్‌లోనో విమానం కోసం రోజుల తరబడి కూర్చోవాల్సి రావచ్చు. తిరుగు టికెట్టు తేదీ మార్చుకునేదే కొనండి, ఆఫీసులో సెలవు ఇంకో వారం అదనంగా అడగండి. సామాను విమానంలో రాకుండా పోతే పుంతా అరేనాస్‌లో బట్టలు అద్దెకు దొరుకుతాయి కానీ మీ కాలికి సరిపడే బూటు దొరక్కపోవచ్చు. కాబట్టి పెద్ద బూట్లు, మిటెన్లు, గాగుల్స్ చేతి సంచిలో పెట్టుకుని ఎక్కండి.